పేరు జాగాలో పొడుగు గీత

సాలమ్మ మా వాడకు వచ్చింది లడాయి రోజుల్లో. నకిరేకల్లులో పెద్ద సడకు మీద మోటర్లు ఆగే చోటికి మా వాడ కూతవేటు దూరం. ఒక పొద్దున నేను వాకిట్లో జొన్నలు చెరుగుతుంటే, నెత్తిన గంపతో వచ్చి నిలబడింది. గంపలో ఒక కుండ, ఒక రొట్టెల పెంకు, రెండు చీరలు. అంతే సంసారం. ఇరవై రెండు, ఇరవై మూడేళ్లు ఉంటాయేమో.

"అత్తా, ఈడ ఎవలన్న ఉండనీకి జర జాగ కిరాయికి ఇస్తరా? మోటర్లు కనవడే తాన కావాలె."

జాగా అడిగేవాళ్లు నీళ్లు దగ్గరేనా అంటారు, కప్పు కురుస్తుందా అంటారు. మోటర్లు కనపడాలని అడిగిన మనిషిని నేనెప్పుడూ చూడలేదు. ఇక ఊరుకుంటానా! చేట కింద పెట్టేశాను.

"కూసో బిడ్డ. ముందుగాల మంచినీళ్లు తాగు. మోటర్లు నీకెందుకే?"

నీళ్లు తాగి చెప్పింది. హుజూర్‌నగర్ అవతల, కృష్ణ ఒడ్డున ఒక పల్లె వాళ్లది. భూమి లేదు, దొర దగ్గర వెట్టి. పెళ్లయిన రెండో ఏడు మగడు ఫౌజులో కూలి పల్టనుకు పేరిచ్చాడు. సికింద్రాబాదు మోటరెక్కడానికి ఇద్దరూ నకిరేకల్లు దాకా నడిచి వచ్చారు. మోటరు మెట్టు మీద నిలబడి, "వచ్చేటప్పుడు గీడనే దిగుత, నువ్వు ఫికరు చెయ్యకు" అన్నాడట. తర్వాత ఓడెక్కించి సింగపూరు పంపారు. ఆ ఊరు జపాను వాళ్ల చేతికి చిక్కిందన్న కబురు ఊళ్లోకి వచ్చిందే గాని, అతని కబురు మాత్రం రాలేదు. మామ ఉన్నన్నాళ్లు పల్లెలోనే ఉంది. మామ పోయాక గుడిసె తలుపుకు తాడు కట్టి, అతను దిగుతానన్న చోటికి వచ్చేసింది.

మా కొట్టం పక్కన చిన్న గుడిసె ఖాళీగా ఉంటే ఇచ్చాను. కిరాయి బదులు మా బర్ల పేడ ఎత్తమన్నాను.

పనికి పులి. నాట్లు వేసేది, పల్లికాయ తెంపేది, దుకాణాల ముందు బస్తాలు మోసేది. కానీ పొద్దు వాలేవేళ పట్నం నుంచి మోటరు వచ్చే జాముకు ఎక్కడున్నా సడకు మీద ఉండేది. దిగేవాళ్లందరి మొహాలు చూసేది. చివరి మనిషి దిగి, పైనుంచి మూటలు దించి, మోటరు దుమ్ములో కలిసిపోయేదాకా కదిలేది కాదు. చాయ హోటలు కాడ మగవాళ్లు, "సాలమ్మ మోటరుకు మొక్కనీకి వచ్చిందిరా, టెంకాయ ఏది?" అని ఎగతాళి చేసేవారు. ఒకనాడు ఒకడు మరీ ఎక్కువ కూస్తే, "నీ పెండ్లాం నీకోసం ఇంటి గుమ్మం దాకన్న రాదు గద, గందుకే నీకు కడుపుమంట" అని అంటించింది. ఆ తర్వాత ఎవరూ నోరెత్తలేదు.

నాకు ఒక్కటే కొరత. అతని పేరేమిటో తెలియదు. మా సీమలో ఆడది మగని పేరు నోట పలకదు, పలికితే ఆయుష్షు తగ్గుతుందంటారు. నేనూ మా ఆయన పేరు పలికి ఎరుగను. మామ పేరైనా అంతే. కానీ తెలివైన ఆడవాళ్లు దేవుడి పేరనో చెట్టు పేరనో సైగ చేసి తప్పించుకుంటారు. ఆమె నుంచి ఆ సైగైనా రాబట్టాలని ఎన్ని వేషాలు వేశానో! కలుపు తీస్తూ అడిగాను, జొన్నలు విసురుతూ అడిగాను.

"మల్లన్న దేవుని పేరా? సైదులు సాబు పేరా? గుట్ట మీది సామి పేరా? తల ఊపవే, చాలు."

"అత్తా, నువ్వు పోలీసు పటేలు కన్న ఎక్కువ అడుగుతున్నవ్" అని కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేది.

మూడేళ్లు అట్లాగే గడిచాయి. లడాయి ముగిసిందన్నారు. అక్కడొకరు ఇక్కడొకరు ఫౌజు వాళ్లు ఇళ్లకు రావడం మొదలయింది. సాలమ్మ పొద్దున మోటరుకు కూడా పోసాగింది. తిండి తగ్గింది. ఇట్లా కాదని నేనే ఆమెను నూరుద్దీన్ దగ్గరికి తీసుకుపోయాను.

నూరుద్దీన్ మా వెనక వాడ మనిషే. సికింద్రాబాదులో ఒక తెల్లదొర దఫ్తరులో పన్నెండేళ్లు ఇంగ్లీషు టైపు కొట్టి, కళ్లు మందగించి, దొర పారేసిన పాత మిషను నెత్తిన పెట్టుకుని ఊరికి వచ్చాడు. చాయ హోటలు అరుగు మీద కూర్చునేవాడు. ఉర్దూ అర్జీలు రాసేవాళ్లు వీధికొకరున్నారు. ఇంగ్లీషులో కావాలంటే మాత్రం చుట్టుపక్కల అతనొక్కడే. ఫౌజు దఫ్తరుకు ఇంగ్లీషే కావాలి. అందుకని ఫౌజు వాళ్ల పెళ్లాలు, తల్లులు అతని అరుగు చుట్టూ చేరేవారు.

"రా ఈదమ్మక్కా. ఇయ్యాల ఏం అడగనీకి వచ్చినవ్?" అన్నాడు నన్ను చూడగానే.

"నేనేం అడుగ తమ్మీ, గీ పిల్లకు ఒక అర్జీ కొట్టియ్యి" అన్నాను. కానీ అతను కొట్టడం మొదలుపెట్టగానే నా నోరు ఆగితే కదా. నేను పాదిరీల బడిలో నాలుగో తరగతి దాకా చదివాను. తెలుగు చక్కగా వచ్చు, ఇంగ్లీషు అక్షరాలు చూస్తే గుర్తుపడతాను. కాగితం మీద అక్షరాల మధ్య అడ్డగీతలు కనిపించాయి. కొన్ని పొట్టి, కొన్ని పొడుగు.

"ఇది పొట్టిగెందుకున్నది, అది పొడుగ్గెందుకున్నది?"

అతను నవ్వి మిషను ఆపాడు. ఆ గీతలంటే అతనికి ప్రాణం. ఒక్క గీత అటుఇటైతే ఆ తెల్లదొర కాగితం చింపి మొహాన కొట్టేవాడట. అట్లా తన్నులు తిని నేర్చుకున్న విద్య.

"పొట్టిది హైఫను అక్కా. అది కుట్టు లెక్క. రెండు మాటలను పక్కపక్కన పెట్టి కుడతది. ఇరవై, అయిదు కలిపి ఇరవై అయిదు చెయ్యాలంటే నడుమ పొట్టి గీత. మామ అన్న మాట ఇంగ్లీషుల మూడు ముక్కలు, రెండు కుట్లు పడాలె. అటు జాగ ఇడువొద్దు, ఇటు జాగ ఇడువొద్దు. ఇడిస్తే కుట్టు ఊడినట్టే."

"మన మాటలు వాటంతల అవే అతుక్కుంటయి గద, వాళ్లకెందుకు గీ సూదిదారం?"

"వాళ్ల మాటలు బిగుసుకపోయి ఉంటయక్కా, దగ్గరికి రమ్మన్నా రావు. ఇగ పొడుగుది డ్యాషు. అది కలిపేది గాదు, ఇడదీసేది. ఒక మాట చెప్పుకుంట చెప్పుకుంట ఆగి, నడుమ ఇంకోటి చెప్పి, మల్లా ఎనకకు వస్తం చూడు, అగో అప్పుడు గీస్తరు. నువ్వు మాట్లాడేదంత రాస్తే అన్ని డ్యాషులే పడతయి."

సాలమ్మ కిలకిలా నవ్వింది. ఎన్నాళ్లకో నవ్వింది.

"మిషనుకు ఒక్కటే గీత మీట గదా. మరి పొడుగుది ఎట్ల కొడతవ్?"

"అదే మీటను రెండుసార్లు, ఒకదాని ఎంబడి ఒకటి" అని కొట్టి చూపించాడు. కొట్టి, సాలమ్మ వైపు తిరిగాడు. "చెల్లె, ఊరు చెప్పినవ్, ఫౌజుల చేరిన ఏడు చెప్పినవ్. ఇగ ఆయన పేరు, తండ్రి పేరు."

సాలమ్మ తల వంచుకుంది.

నూరుద్దీనుకు ఇది కొత్త కాదు. రోజూ చూసేదే. ఎవరినీ బలవంతం చేసేవాడు కాదు. పేరుండాల్సిన చోట గీత మీటను టకటకా నాలుగుసార్లు కొట్టి పొడుగ్గా ఒక గీత వదిలిపెట్టేవాడు. తర్వాత ఇంటి మగమనిషి ఎవరైనా వచ్చి చెబితే ఆ గీత మీద సిరాతో పేరు రాసేవాడు. ఇప్పుడూ అట్లాగే మగని పేరు చోట ఒకటి, మామ పేరు చోట ఒకటి కొట్టాడు.

నేను ఊరుకోవచ్చు కదా. "ఖాలీ ఉంచరాదు, గీతెందుకు?" అన్నాను.

"గట్ల గాదక్కా. ఇంగ్లీషు కితాబులల్ల గూడ ఎవరి పేరన్న చెప్పొద్దనుకుంటే, పేరు జాగల గిట్లనే పొడుగు గీత గీస్తరు. ఈడ ఒక మనిషున్నడు, పేరు మేం చెప్పం అని అర్థం." కాగితం తీసి సాలమ్మ చేతికిచ్చాడు. "ఎవరన్న మగమనిషిని తోలుకరా చెల్లె, పేరు రాస్త. అప్పుడు టప్పాల ఎయ్యి."

మర్నాడే తిరుమలగిరి నుంచి కబురొచ్చింది, మా బిడ్డకు నొప్పులని. వెళ్లి బాలింతకు చేసి రెండు నెలలకు తిరిగొచ్చాను. "కాగితం పంపినవా?" అంటే, "పంపిన అత్తా" అంది సాలమ్మ. పేరు ఎవరు చెప్పారో, ఎప్పుడు రాయించిందో నేను అడగలేదు. అడ్డమైనవన్నీ అడిగే నేను అడగాల్సిన ఆ ఒక్కటి అడగలేదు.

జవాబు ఎండాకాలంలో వచ్చింది. ఏడు నెలలు పట్టింది. సాలమ్మ కవరు విప్పకుండా రెండు చేతులతో పట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని అరుగు దగ్గరికి పరుగున వచ్చింది. నూరుద్దీన్ చదివాడు. అద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాడు. రెండే రెండు వరుసలు. ఎవరిని గురించి అడుగుతున్నారో పేరు, తండ్రి పేరు రాయకుంటే వెతకడం కుదరదని.

"చెల్లె, పేరు రాయించకనే ఏసినవా?"

ఆమె మా ఇద్దరి మొహాలు మార్చి మార్చి చూసింది. "నువ్వే చెప్పినవ్ గదన్నా, పలకరాని పేరుకు ఇంగ్లీషోళ్లు గట్లనే గీస్తరని. ఆళ్ల ఆడోళ్లు గూడ మనలెక్కనే పేరు తీసుకోరనుకున్న. గీత చూస్తే ఆయననే అని తెలుసుకుంటరనుకున్న. అంత పెద్ద దఫ్తరు, ఆళ్లకు తెల్వదా అనుకున్న."

నూరుద్దీన్ కాగితం మడిచి అరుగు మీద పెట్టాడు. ఆ రోజు ఆ ప్రశ్న వేసింది నేను. నేను అడగకపోతే అతను ఆ ముచ్చట చెప్పేవాడే కాదు.

"పోనీ తియ్యి" అన్నాను, "ఇప్పుడు చెప్పు. మేం ఇద్దరమే ఉన్నం. ఒక్కసారి చెప్పెయ్యి, అయిపోతది."

ఆమె పెదవులు కదిలాయి. మళ్లీ మూసుకున్నాయి. రెండోసారీ అంతే.

"బతికున్నడా అని అడగనీకి, బతుకు తగ్గేటట్టు చెయ్యాల్నా అత్తా?"

మామ బతికుంటే ఆయనతో చెప్పించేది. పల్లెకు పోయి ఎవరినైనా తెద్దామంటే, దొర మనుషులు పట్టుకుని మళ్లీ వెట్టికి కూర్చోబెడతారన్న భయం. సాలమ్మ అరుగంచున కూర్చుని, నేల మీద వేలితో ఏదో గీస్తూ అంది: "నోటితోని అంటేనే గద తప్పు. రాస్తే తప్పా అత్తా?"

రాస్తే తప్పని మా అవ్వలెవరూ చెప్పలేదు. ఎందుకు చెబుతారు, వాళ్లలో రాసేవాళ్లు ఎవరున్నారు గనక? "రాస్తే తప్పు లేదు" అని నేనే తీర్పు చెప్పేశాను.

మర్నాటి నుంచి పలక పట్టించాను. "నీకు ఏ అక్షరాలు కావాల్నో చెప్పు, అవే నేర్పిస్త. నాలుగు రోజుల పనైతది."

"అవి చెప్తే పేరు చెప్పినట్టే గద. అన్నీ నేర్పియ్యి."

బస్తాలు మోసి కాయలు కాసిన చేతులు. బలపం పట్టుకుంటే విరిగిపోయేది. కూలి నుంచి వచ్చి, రొట్టె పెంకు మీద వేసి, అది కాలేలోపు పొయ్యి ముందు బూడిదలో అక్షరాలు దిద్దేది. ఎన్ని రొట్టెలు మాడ్చిందో! 'అ' నుంచి మొదలుపెట్టి వరసగా పోతున్నాము. 'ఐ' దగ్గరికి వచ్చేసరికి ఆమె చెయ్యి ఆగింది. ఎవరికీ పెద్దగా అవసరం పడని అక్షరం అది. మిగతావన్నీ పదిసార్లు దిద్దితే దాన్ని యాభైసార్లు దిద్దింది. దిద్దినది చెరపడానికి మనసొప్పక పలక అటు తిప్పి పెట్టింది. పేరు దీనితోనేనా అన్న ప్రశ్న నా నాలుక కొసదాకా వచ్చింది. గట్టిగా కరుచుకుని, "ఆఁ, తర్వాత 'ఒ'" అన్నాను. నా జన్మలో అంత కష్టపడి ఊరుకున్నది అదొక్కసారే.

రెండు నెలలకు, తొలకరి పడ్డాక, సాలమ్మ పలకను కొంగు కింద దాచుకుని అరుగు దగ్గరికి వచ్చింది. నూరుద్దీనుకు తెలుగు చదవడం రాదు. పలక నా చేతికి వచ్చింది. ఆమె మొహం సడకు వైపు తిప్పుకుంది.

ఐలేశం. కింద మైసయ్య.

నాలుగేళ్లు నేను వెంటపడ్డ పేరు. పైకి చదివాను. చదువుతుంటే సంతోషం కలగలేదు. నూరుద్దీన్ కొట్టడం మొదలుపెట్టాడు. పేరు దగ్గరికి వచ్చేసరికి కాగితం అంచు దగ్గరపడింది, మిషను గంట మోగింది. సగం పేరు ఈ వరుసలో పెట్టి, పొట్టి గీత కొట్టి, మిగతా సగం కింది వరుసలో వేయొచ్చట. పెద్ద మాటలకు అట్లాగే చేస్తారట. అతను కాగితం పీకేసి, కొత్తది ఎక్కించాడు. "మనిషి పేరును నడుమ ఇరగ్గొట్టొద్దు" అని మొదటి నుంచీ మళ్లీ కొట్టాడు. ఈసారి టప్పా పెట్టెలో మేము ముగ్గురం పోయి వేశాము.

చలికాలం మొదట్లో జవాబు వచ్చింది. ఈసారి కాగితం నిండా ఉంది. నూరుద్దీన్ ఒక్కో వరుస చదువుకుంటూ, తెలుగులో చెప్పుకుంటూ పోయాడు.

"ఐలేశం, మైసయ్య కొడుకు. జపానోళ్ల ఖైదు నుంచి ఇడిపించిండ్రు. ఓడల మద్రాసుకు తెచ్చిండ్రు. కార్తీకం నుంచి మాఘం దాక మద్రాసు దవాఖానల ఉన్నడు. జరం, కాలుకు పుండు. తక్కువైనంక రైలు టికెట్టు ఇచ్చి ఇంటికి పంపిండ్రు."

"బతికున్నడా?" అంది సాలమ్మ.

"బతికే ఉన్నడు చెల్లె. పోయిన మాఘంల ఇంటికి బయలెల్లిండు."

ఆమె కూలబడలేదు, ఏడవలేదు. నిలబడే ఉంది. "మాఘంల బయలెల్లితే ఇప్పుడు మార్గశిరం. నేను రోజు మోటరు చూస్తనే ఉన్న గదా. నేను చూడకుంట ఎట్ల దిగిండు?"

నేను మనసులో నెలలు వెనక్కి లెక్కేసుకున్నాను. పేరు లేని మా మొదటి కాగితం దఫ్తరుకు చేరిననాడు అతను మద్రాసులో మంచం మీద ఉన్నాడు. ఆ మాట పైకి అనలేదు.

నూరుద్దీనే అన్నాడు, "మద్రాసు నుంచి వస్తే పట్నం దిక్కు నుంచి రాడు చెల్లె. రైలు బెజవాడకు తెస్తది. ఆడికెల్లి కోదాడ మీదికెల్లి మీ పల్లెకు దగ్గర. నకిరేకల్ తోవల పడనే పడడు."

సాలమ్మ మెల్లగా తల తిప్పి, సూర్యాపేట వైపు పోయే సడకును చూసింది. ఆ వైపు సడకు ఉన్నదని అప్పుడే తెలిసినట్టు చూసింది.

"ఇటు దిక్కు నేను ఒక్కనాడు గూడ చూడలే అత్తా. పోయిన దిక్కు నుంచే వస్తడనుకున్న."

దొర భయం గిరాటేసి, ఆ పూటే పల్లెకు బయలుదేరింది. ఎనిమిదో రోజుకు తిరిగొచ్చింది, కాళ్లు పగిలి, పెదవులు ఎండి. అతను వచ్చాడట. కర్ర పట్టుకుని కుంటుకుంటూ వచ్చాడట. ఎవరూ లేని గుడిసె ముందు మూడు రోజులు కూర్చున్నాడట. నీ పెళ్లాం మోటర్ల సడకు మీద కూలి చేసుకుంటోందని ఎవరో అంటే, తను మోటరు మెట్టు మీద అన్న మాట గుర్తులేదో ఏమో, మోటర్ల సడకంటే సూర్యాపేటే అనుకుని అటు పోయాడట. "తాడు నేను కట్టినట్టే ఉన్నది అత్తా. ఇప్పకుంటనే బయట కూసున్నడు" అని ఆ ఒక్కటే మళ్లీ మళ్లీ చెప్పింది.

గంప సర్దుకుంటుంటే నేను గుమ్మంలో నిలబడ్డాను. ఎండాకాలం నుంచి లోపల నలుగుతున్న మాట అప్పుడు బయటపడింది.

"నా నోరు మంచిది గాదే సాలమ్మా. ఆనాడు నేను ఆ గీత సంగతి అడగకుంటే..."

"నీ నోరే లేకుంటే నాకు అక్షరాలు ఎవలు నేర్పుదురు?" అంది. పెంకు నా చేతిలో పెట్టి, మళ్లీ తీసుకుంది. "ఇది ఇయ్య. ఆయనకు రొట్టె చేసిపెట్టాలె."

సూర్యాపేట మోటరెక్కించాను. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి నా చెయ్యి పట్టుకుంది. మోటరు కదిలాక కూడా కొంతదూరం వదల్లేదు. నేను దాని వెంట ఉరికాను.

ఆ తర్వాత ఏడాదిన్నర పాటు, దొరల మీద జనం తిరగబడి మా సీమ అట్టుడికిపోయింది. ఊళ్లు తగలబడ్డాయి, మోటర్లు ఎన్నో రోజులు నడవలేదు, ఎవరు ఎక్కడున్నారో తెలియలేదు. నేను పొద్దు వాలేవేళ సడకు మీదికి పోయి, సూర్యాపేట నుంచి వచ్చిన ప్రతి మనిషినీ అడిగేదాన్ని. నలభై ఎనిమిది ఎండాకాలంలో మోటరు డ్రైవరు వహీద్ బండి దిగి నా దగ్గరికి వచ్చాడు.

"ఈదమ్మ అంటే నువ్వేనా? సూర్యాపేట మోటర్ల అడ్డ కాడ రొట్టెలమ్మే సాలమ్మ నీకు చెప్పుమన్నది."

"ఏమన్నది? దొరికిండా?"

"ఆయన ఇంకా దొరకలే గనీ, ఆయన్ను చూసినోళ్లు ముగ్గురు దొరికిండ్రు, అత్తకు చెప్పు అన్నది."